ఫోన్ పోయిన రోజు మీ దగ్గర ఏం మిగులుతుంది? పాస్‌వర్డులు దాచే చోటు, రెండో తాళం: ఏది ఎవరికి

మా నాన్నగారి డైరీలో చివరి పేజీ తిప్పితే ఎర్ర బాల్‌పెన్‌తో గీసిన పట్టిక ఒకటి కనబడుతుంది. ఎడమవైపు గూగుల్, పెన్షన్, కరెంటు బిల్లు, రైలు టికెట్ అని పేర్లు. కుడివైపు పాస్‌వర్డులు. మొత్తం తొమ్మిది వరసలు. ఏడింట్లో ఒకటే మాట: మనవరాలి పేరు, వెనకాలే ఆ పిల్ల పుట్టిన సంవత్సరం, చివర ఒక @. "బీరువాలో పెట్టి తాళం వేస్తున్నా కదరా, ఇంకేం కావాలి?" అని ఆయన ధీమా.

నవ్వాను గానీ, నవ్వే హక్కు నాకు లేదు. మూడేళ్ల కిందట ఉప్పల్‌లో ఆటో దిగుతుంటే నా ఫోన్ జారిపోయింది. నా పాస్‌వర్డులన్నీ పక్కా, ఒక్కోటి ఇరవై అక్షరాలు. రెండో తాళంగా, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే ఇంకో కోడ్ కోసం, అథెంటికేటర్ యాప్ కూడా పెట్టుకున్నాను. ఆ యాప్ ఉన్నది మాత్రం పోయిన ఫోన్‌లోనే. ఆ యాప్ లేనప్పుడు లోపలికి వెళ్లడానికి సైటు ముందే ఇచ్చే బ్యాకప్ కోడ్లు "తర్వాత దాచుకుందాంలే" అని వదిలేసినవే. ఒక ఖాతా తిరిగి చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. ఇంకోటి రానేలేదు. దొంగ కోసం వేసిన తాళం నాకే పడింది. ఆ మూడు వారాలూ డైరీ ఉన్న ఆయన తన ఖాతాల్లో హాయిగా తిరిగారు.

అప్పట్నుంచీ ఎవరైనా "ఏ పద్ధతి సేఫ్?" అని అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తున్నాను. ఎవరో ఫోన్ చేసి తియ్యగానో, భయపెట్టో అడిగితే మీరు దీన్ని చదివి వినిపించగలరా? ఈ ఫోన్ ఇవాళ పోతే రేపు పొద్దున మీరు లోపలికి ఎలా వెళ్తారు? కింద పోల్చినవన్నీ ఈ రెండింటి మీదే.

ఖాతాలు అసలు ఎలా పోతున్నాయి

మన పాస్‌వర్డును ఎవరో కూర్చుని ఊహించి పట్టుకోవడం తక్కువ. ఎక్కువగా జరిగేది, వేరే చోట పోయినది ఇక్కడ పనికి రావడం. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడ్డాయి. వాటిని దాచినప్పుడు ఏ రహస్య లిపిలోకీ మార్చలేదు, ఉన్నవి ఉన్నట్టే దొరికాయి. అందులో ఎక్కువమంది పెట్టుకున్నది 123456. 2012లో లింక్డిన్ నుంచి పోయినవాటిలో 11 కోట్లకు పైగా 2016లో అమ్మకానికి వచ్చాయి. ఇలాంటి జాబితాల్లోంచి మెయిల్, పాస్‌వర్డ్ జతలు తీసుకుని, ప్రోగ్రామ్ పెట్టి మిగతా సైట్లన్నిటిలో వరసగా కొట్టి చూస్తారు. మా నాన్న ఏడు వరసల్లో ఒక్కటి ఎక్కడ లీకైనా ఏడూ పోయినట్టే. చూడండి, ఇక్కడ తప్పు డైరీది కాదు. ఒకే మాటను ఏడు చోట్ల వాడటానిది.

మీ మెయిల్ ఇలాంటి లీకుల్లో ఉందో లేదో భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన "హ్యావ్ ఐ బీన్ ప్వన్డ్" సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, మెయిల్ చాలు.

రెండో దారి, మనల్నే అడిగి తీసుకోవడం. మూడోది మన ఊళ్లకే ప్రత్యేకం, దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు: నెట్ సెంటర్. ఎంసెట్‌కో, ఉద్యోగానికో, పెన్షన్‌కో దరఖాస్తు పెట్టడానికి వెళ్తే అక్కడి కుర్రాడే జీమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ పెట్టి, చీటీ మీద రాసిస్తాడు. నాన్న గూగుల్ ఖాతాలో రికవరీ నంబరు (పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా తిరిగి తెరిచే నంబరు) చూస్తే మా ఇంట్లో ఎవరికీ తెలియని సెల్ నంబరు కనబడింది. ఖాతా తెరిచిన రోజు ఓటీపీ కోసం ఆ షాపులో ఎవరిదో ఇచ్చేశారు. చెడ్డ ఉద్దేశమేమీ అయ్యుండదు. కానీ పదేళ్లుగా ఆయన మెయిల్ తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంది. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు మెయిల్ ఖాతాలో రికవరీ నంబరు, రికవరీ మెయిల్ తెరిచి చూడండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకు చాలావరకు వచ్చేది మెయిల్‌కే.

ఎక్కడ దాచాలి: బుర్ర, పుస్తకం, ఫోన్, విడి యాప్

బుర్రలో దాచుకుంటాం అనేవాళ్లంతా చివరికి ఒకే పాస్‌వర్డును అటూ ఇటూ మార్చి వాడుతుంటారు. ఒక అంకె కలుపుతారు, మొదటి అక్షరం పెద్దది చేస్తారు. దొంగల ప్రోగ్రాములకు ఆ మార్పులన్నీ కంఠతా వచ్చు. కాబట్టి దాని సంగతి ఇక్కడితో వదిలేద్దాం. గుర్తుంచుకోవలసినవి రెండు మూడు మాత్రం ఎలాగూ ఉంటాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

పుస్తకం. దీన్ని వెక్కిరించడం ఫ్యాషనైపోయింది గానీ, అరవై దాటి ఇంట్లోనే ఉండేవాళ్లకు నేను చెప్పే మొదటి సలహా ఇదే. దేశం అవతల కూర్చున్న దొంగ మీ బీరువా తెరవలేడు. ఫోన్ పోయినా పుస్తకం ఉంటుంది. రెండో ప్రశ్నలో దీనికి నూటికి నూరు మార్కులు. మొదటి ప్రశ్నలో మాత్రం సున్నా, ఎందుకంటే కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివి వినిపిస్తారు. పుస్తకం పెడితే మూడు షరతులు. ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ అందులో రాయకూడదు. పుస్తకం బ్యాగులో ఊళ్లు తిరగకూడదు, పట్టాదారు పాసు పుస్తకం ఉన్న చోటే ఇదీ ఉండాలి. ఇంట్లో పనివాళ్లు, అద్దెకున్నవాళ్లు, వచ్చిపోయేవాళ్లు ఎక్కువైతే, హాస్టల్లో ఉంటే ఇది మీకు నప్పదు.

ఫోన్‌లోనే ఉన్న గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్, ఐఫోన్ అయితే యాపిల్ వాళ్లది. యాపిల్ 2024లో ఐఓఎస్ 18తో "పాస్‌వర్డ్స్" అని విడిగా యాప్ కూడా ఇచ్చింది. ఎక్కువమందికి ఇవి సరిపోతాయి. కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు, డబ్బులు కట్టనక్కర్లేదు, పొడవాటి పాస్‌వర్డును అదే తయారుచేసి అదే నింపుతుంది. చాలామంది గమనించని లాభం ఇంకోటుంది. ఇది సైటు చిరునామా చూసి గానీ నింపదు. బ్యాంకు పేరులో ఒక అక్షరం తేడాతో పెట్టిన దొంగ సైటును మన కన్ను పట్టుకోలేకపోవచ్చు. మేనేజర్ అక్కడ పాస్‌వర్డ్ నింపదు. రోజూ తనంతట తాను నిండే పెట్టె ఇవాళ ఖాళీగా ఉందంటే చేత్తో టైపు చేసే ముందు చిరునామా ఒకసారి చదవండి.

దీని లోపం, అన్నీ ఒకే గూగుల్ ఖాతాకు వేలాడటం. అది పోతే అన్నీ పోతాయి. ఇంకో ప్రమాదం షేర్ చేసుకునే కంప్యూటర్లు. జిరాక్స్ షాపులో ప్రింటు కోసం క్రోమ్‌లో మీ జీమెయిల్‌తో సైన్ ఇన్ అయి, "సింక్" (మీ ఖాతాలో దాచినవన్నీ ఆ కంప్యూటర్‌లోకి తేవడం) అడిగితే సరే అని కొట్టి, కాగితం తీసుకుని వచ్చేస్తే మీ పాస్‌వర్డులు ఆ షాపులో ఉండిపోయినట్టే. ప్రింటు కావలసినప్పుడు మూసేశాక లాగిన్ మిగలని ఇన్‌కాగ్నిటో విండో తెరవండి, పనయ్యాక మూసేయండి.

విడి యాప్ కావాలంటే నా ఓటు బిట్‌వార్డెన్‌కు. ఉచిత ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డులైనా, ఎన్ని పరికరాల్లోనైనా పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్, ఆఫీసు విండోస్, ఇంట్లో ఐప్యాడ్ అంటూ రకరకాలు వాడేవాళ్లకు ఇది గూగుల్, యాపిల్ వాటికన్నా హాయి. వన్‌పాస్‌వర్డ్ వాడకానికి ఇంకా నున్నగా ఉంటుంది, కుటుంబమంతా పంచుకోవడానికి బాగుంటుంది, కానీ ఉచిత ప్లాన్ లేదు. ఈ రకం వాటిలో మాస్టర్ పాస్‌వర్డ్, అంటే మిగతావన్నీ ఉన్న పెట్టెను తెరిచే ఒక్క పాస్‌వర్డ్, మరిచిపోతే కంపెనీ కూడా ఏమీ చేయలేదు. అది లోపం కాదు, వాళ్ల దగ్గర మీ తాళంచెవి లేదనడానికి రుజువు.

"ఆ కంపెనీనే హ్యాక్ చేస్తే?" అని అడుగుతారు. చేశారు కూడా. 2022లో ఇలాంటిదే అయిన లాస్ట్‌పాస్ నుంచి ఖాతాదారుల పెట్టెల బ్యాకప్ ఎత్తుకెళ్లారు. లోపలి పాస్‌వర్డులు రహస్య లిపిలోనే ఉన్నాయి, కానీ ఏ ఏ సైట్లు వాడుతున్నారో ఆ చిరునామాలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. మాస్టర్ పాస్‌వర్డ్ బలంగా పెట్టుకున్నవాడికీ బలహీనంగా పెట్టుకున్నవాడికీ తేడా తెలిసేది అలాంటి రోజునే. క్లౌడ్ అంటేనే, అంటే కంపెనీ కంప్యూటర్లలో దాచడమే గిట్టనివాళ్లకు కీపాస్‌ఎక్స్‌సీ ఉంది. అంతా ఒకే ఫైలు, మీ కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ ఫైలును కాపీ చేసుకోవడం, ఫోన్‌లోకి తెచ్చుకోవడం మీ పని. హార్డ్ డిస్కు పోయిన రోజు తిట్టుకోవడానికి కూడా ఎవరూ ఉండరు. బ్యాకప్ అలవాటున్న కంప్యూటర్ మనుషులకే ఇది.

గుర్తుంచుకోవలసిన ఆ ఒక్కటి

మాస్టర్ పాస్‌వర్డ్, లేదా గూగుల్ పాస్‌వర్డ్. దీనికి తెలుగు బాగా పనికొస్తుంది. శబ్దరత్నాకరమో, పిల్లల నిఘంటువో చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకుని నాలుగైదు చోట్ల తెరవండి. వేలు పడిన మాట తీసుకోండి. తిరగలి, పొట్లకాయ, అటక, మిణుగురు. వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. (ఈ నాలుగూ నేను ఇక్కడ రాసేశాను కాబట్టి ఇవి వద్దు.) 7,776 మాటల జాబితా నుంచి గుడ్డిగా నాలుగు తీస్తే వచ్చే కూర్పులు సుమారు 3,656 లక్షల కోట్లు. ఐదో మాట కలిపితే అది మళ్లీ 7,776 రెట్లు. పైగా మనలో ఒకరు "త"కు ఒక్క అక్షరం వాడతారు, ఇంకొకరు రెండు. దీర్ఘానికి ఒకరు అక్షరం రెట్టిస్తారు, ఇంకొకరు రెట్టించరు. వెతికేవాడికి అదొక తలనొప్పి. మీకూ తలనొప్పి కాకుండా, వాట్సాప్‌లో మీరు రోజూ కొట్టే పద్ధతిలోనే కొట్టండి.

మాటలు మీరు ఎంచకూడదు, వేలు ఎంచాలి. సినిమా పాట పల్లవి, పద్యం మొదటి పాదం, సామెత పనికిరావు. మీకు నోటికొచ్చినవి ఇంకో కోటిమందికీ నోటికొచ్చినవే.

మూడు నెలలకోసారి మార్చాలా? అక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000 దశకం మొదట్లో ఇలాంటి నియమాలతో పత్రం ఇచ్చింది, 2017లో తనే వాటిని పక్కనపెట్టింది. పదే పదే మార్చమంటే జనం చివరి అంకె ఒకటి పెంచి ఊరుకుంటారని తేలింది. లీకైందని తెలిస్తే మాత్రం ఆ రోజే మార్చాలి. చాలా ఆఫీసుల్లో ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.

రెండో తాళం: ఎస్ఎంఎస్, యాప్, పాస్‌కీ

ఎస్ఎంఎస్ ఓటీపీ ఏమీ లేనిదానికన్నా చాలా నయం. కానీ నా మొదటి ప్రశ్నలో ఇది ఘోరంగా ఫెయిల్. ఆరంకెలు, చదివి వినిపించడానికి మూడు సెకన్లు. వినిపించకపోయినా పోయే దారులున్నాయి. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ఆర్టీవో చలానా అనో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తుంది. నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే మీకొచ్చే ప్రతి ఎస్ఎంఎస్ వాడికీ చేరుతుంది. ఇంకోటి సిమ్ మార్పిడి, అంటే మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకోవడం. దీనికి అడ్డుగా కొత్త సిమ్ మీద మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపుతున్నారు, 2024 జులై 1 నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయనివ్వడం లేదు. ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి గంటలైనా రాకపోతే టవర్ ప్రాబ్లెమ్ అని ఊరుకోకండి, పక్కవాళ్ల ఫోన్ నుంచి కంపెనీకి కాల్ చేయండి.

రీఛార్జి మానేసిన నంబరు ఇంకా పెద్ద చిక్కు. కనెక్షన్ తీసేశాక కనీసం 90 రోజులు ఆగి దాన్ని వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. మీ పాత మెయిల్‌కు ఆ నంబరే తగిలించి ఉంటే ఇక ఓటీపీ వెళ్లేది ఆ కొత్త మనిషికే.

బ్యాంకుల విషయంలో మనకు పెద్దగా ఎంపిక లేదు, వాళ్లు ఏది పంపితే అది. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కదాని మీదే ఆధారపడకుండా వేరే పద్ధతులకూ అవి దారి ఇచ్చాయి. మెయిల్, సోషల్ మీడియా విషయంలో మాత్రం ఇప్పుడే మెరుగైనది ఎంచుకోవచ్చు.

అథెంటికేటర్ యాప్ 30 సెకన్లకోసారి మారే ఆరంకెలు చూపిస్తుంది. సిగ్నల్ అక్కర్లేదు, సిమ్‌తో పనిలేదు, రోమింగ్ గొడవ లేదు. చదివి వినిపించే ప్రమాదం ఇందులోనూ ఉంది, కాస్త తక్కువ. దీని అసలు సమస్య నేను ఉప్పల్‌లో చూసిందే. గూగుల్ అథెంటికేటర్‌లో గూగుల్ ఖాతాకు బ్యాకప్ చేసే సౌకర్యం 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఇప్పుడుంది కాబట్టి ఆన్ చేయండి. కోడ్లు తన దగ్గరే ఫైలుగా దాచుకోవాలనుకునే ఆండ్రాయిడ్‌వాళ్లకు ఏజిస్ మంచిది. ఏది పెట్టినా, సైటు ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీదికి ఎక్కకుండా ఆ పేజీ మూయకండి. గూగుల్ పది కోడ్లిస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచుకునేవాళ్లను చూశాను. ఇంటి తాళంచెవిని ఇంట్లోనే పెట్టి తలుపు లాగేయడం అది.

పాస్‌కీ కొత్తది. గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి 2022 మేలో దీనికి మద్దతు ప్రకటించాయి. పాస్‌వర్డే ఉండదు. మీ ఫోన్‌లో ఒక రహస్య తాళంచెవి తయారవుతుంది, దాని జోడీ సైటు దగ్గర ఉంటుంది. లోపలికి వెళ్లాలంటే వేలిముద్రో, స్క్రీన్ లాకో చాలు. దొంగ సైటులో ఇది పనిచేయదు, ఎందుకంటే తాళంచెవి అసలు చిరునామాకే కట్టి ఉంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, చదివి వినిపించడానికి ఇందులో ఏమీ లేదు. ఎంత భయపెట్టినా మా నాన్న చెప్పగలిగింది "వేలు పెడతానండీ" అని మాత్రమే. ఫోన్ పోయినా తాళంచెవి గూగుల్‌లోనో, ఐక్లౌడ్‌లోనో ఉంటుంది, కొత్త ఫోన్‌లోకి వస్తుంది.

మన ఇళ్లలో దీనికో తిరకాసు ఉంది. నాన్న ఫోన్‌లో ఎన్ని వేలిముద్రలున్నాయో చూస్తే ఆయనవి రెండు, గేమ్ కోసం మనవరాలిది ఒకటి, మనవడిది ఒకటి. పాస్‌కీ పెడితే ఫోన్ తెరవగల ప్రతి వేలూ ఖాతా తెరవగల వేలే. స్క్రీన్ పిన్ 1234 అయితే ఇంత టెక్నాలజీ దండగ. ముందు ఆ వేళ్లు తీసేసి, ఆరంకెల పిన్ పెట్టి, తర్వాత పాస్‌కీ ఆన్ చేశాం. వేలిముద్రలు అరిగిపోయి రేషన్ షాపులో ఇబ్బంది పడే పెద్దవాళ్లకు కూడా అదే పిన్‌తో పనిచేస్తుంది.

యూబీకీ లాంటి యూఎస్‌బీ తాళంచెవులు ఇదే పనిని విడి పరికరంతో చేస్తాయి. తన 85 వేల పైచిలుకు ఉద్యోగులకు ఇవి ఇచ్చాక ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా దొంగ సైట్ల ద్వారా పోలేదని గూగుల్ 2018లో చెప్పింది. గట్టివే. కానీ ఒకటి పోతే ఇంకోటి ఉండాలి కాబట్టి రెండు కొనాలి, ఖర్చు వేలల్లో. విలేకరులకు, కంపెనీ సర్వర్లు చూసేవాళ్లకు, లక్షలమంది చూసే యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్లకు కొనమంటాను. మిగతావాళ్లు ఆ డబ్బుతో మంచి కూలర్ కొనుక్కోవచ్చు.

వాట్సాప్ సంగతి వేరుగా చెప్పాలి. కొత్త ఫోన్‌లో తెరిచేటప్పుడు అడిగే దాని ఆరంకెల కోడ్ కాల్‌లో కూడా వస్తుంది కాబట్టి, కొరియర్ పేరుతో ఫోన్ చేసి *401* కొట్టి ఫలానా నంబరు కొట్టండి అంటారు. అలా చేస్తే మీ కాల్స్, వాటితో ఆ కోడ్ కూడా వాళ్లకు మళ్లుతాయి. ఈ దారిని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికం శాఖ కంపెనీలకు చెప్పింది, అయినా సెట్టింగుల్లో "టూ స్టెప్ వెరిఫికేషన్" పిన్ పెట్టుకుంటే కోడ్ దొరికినా ఖాతా దొరకదు. అక్కడ మెయిల్ కూడా ఇవ్వండి, పిన్ మరిచిపోతే అదే దిక్కు.

మా ఇంట్లో ఎవరికి ఏది

నాన్నకు డైరీ అలాగే ఉంచాం. తొమ్మిదింటికీ తొమ్మిది వేర్వేరు పాస్‌వర్డులు, గూగుల్‌కు మాత్రం పాస్‌కీ, పది బ్యాకప్ కోడ్లు అదే పేజీకి పిన్ను కొట్టి. నాకు బిట్‌వార్డెన్, ఏజిస్. నా మాస్టర్ పాస్‌వర్డ్ ఒక కవర్లో, నాన్న బీరువాలోనే. ఆ మాట అడిగినప్పుడు ఆయన మొహం చూడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్మే మా చెల్లి పేజీని ముగ్గురు చూస్తారు, ముగ్గురికీ పాస్‌వర్డ్ ఒకటే, వాట్సాప్ గ్రూపులో ఉంది. అది మార్చి, అథెంటికేటర్ పెట్టి, ఆ కోడ్ తన దగ్గరే ఉంచుకోమన్నాను. పనిమానేసిన అమ్మాయి ఫోన్‌లో ఇంకా లాగిన్ అయి ఉందని అప్పుడే తెలిసింది.

అందరికన్నా కష్టం డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకుది. వాడి ఇండియా సిమ్ పిన్నిగారి వంటింట్లో పాత ఫోన్‌లో ఉంటుంది. అక్కడ సాయంత్రం వాడు ఏదో కట్టబోతాడు, ఇక్కడ తెల్లవారుజామున ఆవిడ లేచి, లైటు వేసి, వీడియో కాల్‌లో ఓటీపీ చదువుతుంది. "నాలుగు, నాలుగు, తొమ్మిది, అది ఆరో సున్నానో కనబడట్లేదురా." వాడి మెయిల్, మిగతా ఖాతాలన్నిటి నుంచీ ఆ నంబరు తీసేసి పాస్‌కీలు పెట్టించాను. బ్యాంకుకు మాత్రం ఇంకా ఆ నంబరే. ఈసారి వచ్చినప్పుడు సిమ్ తనతో తీసుకెళ్లి రోమింగ్ ఆన్ చేయించుకుంటానన్నాడు. అప్పటిదాకా పిన్నికి ఒకటే చెప్పాను: ఓటీపీ అడిగేది వాడే అయినా, మొహం కనబడితేనే చదువు. ఆవిడ కాసేపు ఆలోచించి, "మొహం కనబడినా ముందు వాడి ముద్దుపేరు అడుగుతాలే" అంది.